చివుకుల గారికి రెండు లైన్లేనా?

ఎడిటర్ గారికి నమస్కారం. పోయిన ఆదివారం మీ పేపర్లో అమెరికా రాజకీయాల్లో మనవాళ్లు అని పేజీ మొత్తం వేశారు, చదివాను, కానీ అందరిదీ ఒకటే వరస, ఫలానా ఊళ్లో పుట్టారు, తాతగారు ఫలానా, గెలవగానే ఊళ్లో టపాకాయలు కాల్చారు, అయిపోయింది. మధ్యలో ఆ మనిషి ఏం చేశాడో ఎక్కడా లేదు.

ఉపేంద్ర చివుకుల గారికైతే రెండే రెండు లైన్లు. నెల్లూరులో పుట్టిన మనిషి, ఇంజినీరింగ్ చదివింది ఇక్కడే మా చెన్నై గిండీ కాలేజీలో, అది కూడా వెయ్యలేదు మీరు. న్యూజెర్సీ అసెంబ్లీకి గెలిచిన మొదటి భారతీయుడు ఆయన. 2002 నుంచి 2014 దాకా ఉన్నారు, డిప్యూటీ స్పీకర్ కూడా చేశారు. అక్కడి 2010 సోలార్ చట్టం వెనక ఉన్నవాళ్లలో ఆయనొకరు, ఎలక్ట్రికల్ ఇంజినీరు కదా మరి. 2012లో, 2014లో కాంగ్రెస్‌కి (వాళ్ల పార్లమెంటు లెండి, మన పార్టీ కాదు) నిలబడి రెండుసార్లూ ఓడిపోయారు, రెండోసారి సొంత పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలోనే. అది కూడా రాయండి సార్, ఓడిపోతే మనవాడు కాకుండా పోతాడా?

అసలు నాకు నచ్చింది అంతకు ముందు సంగతి. అసెంబ్లీ కంటే ముందు ఆయన ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ కౌన్సిల్లో మెంబరు, తర్వాత 2000లో అక్కడే మేయరు. టౌన్‌షిప్ అంటే ఏముంటుంది, రోడ్లు, చెత్త, ఎవరి స్థలంలో ఎవరు ఏం కట్టుకోవచ్చు, ఇవే. మా అల్లుడు ఉండేది ఆ రాష్ట్రంలోనే, ఓసారి వాళ్ల ఊరి మీటింగుకి వెళ్తే ఒక షాపు పార్కింగ్ గురించి రాత్రి పదిన్నర దాకా ఒక్కొక్కరే మైకు దగ్గరికొచ్చి మాట్లాడుతూనే ఉన్నారట, ఆకలికి తట్టుకోలేక వచ్చేశానన్నాడు. వేరే దేశం నుంచి వచ్చి అలాంటి చోట కూర్చుని కూర్చుని పైకొచ్చిన మనిషి గురించి కదా రాయాల్సింది.

ఎందుకు చెప్తున్నానంటే, పోయిన వానాకాలం మా అయనావరం అపార్ట్‌మెంట్ గేటు ముందు కాలువ మూత విరిగింది, మా పక్కింటి మామి కాలు అందులో పడబోయింది. మా వాట్సాప్ గ్రూపులో సగానికి సగం తెలుగువాళ్లే, చెన్నైలో ఉన్న 200 వార్డుల్లో మనది ఏ వార్డు, కౌన్సిలర్ ఎవరు అని అడిగితే ఒక్కరికీ తెలీదు, నాతో సహా. కానీ ఒకాయన న్యూజెర్సీలో 40 డిస్ట్రిక్టులు, ఒక్కోదాని నుంచి ఇద్దరు అసెంబ్లీ మెంబర్లు అని మెసేజ్ పెట్టాడు, దానికి పది లైకులు.

చివరికి కౌన్సిలర్ నెంబరు మా వాచ్‌మన్ ఫోన్లో దొరికింది.

– మీ పాత పాఠకుడు,
అయనావరం, చెన్నై