గుర్రపుడెక్కకు ఒక పూట శ్రమదానం చాలదు

సంపాదకులకు,

చిత్తడి నేలల పార్కుల కోసం కాలనీ సంఘాలు, కాలేజీలు, కంపెనీలు చేతులు కలపడం మంచిదే. కానీ చాలాసార్లు అది ఫిబ్రవరి 2న, ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవం నాడు, ఒక బ్యానరు, నాలుగు ఫొటోలతో సరి. నీటి మీద తేలుతూ మడుగంతా కమ్మేసే గుర్రపుడెక్క అలాంటి పనికి లొంగే రకం కాదు. వాతావరణం కలిసొస్తే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. దాని గింజలు అడుగు బురదలో 20 ఏళ్ల దాకా బతికి ఉండగలవు.

పూత రాకముందే తీయడం మొదలుపెట్టాలి. గాలి మొక్కల్ని ఏ ఒడ్డుకు నెడుతుందో ఆ ఒడ్డునే పని సులువు. మళ్లీ చెదిరిపోకుండా తేలే తాడు అడ్డం కట్టాలి. చిన్న పిలక మిగిలినా అల్లుకుపోతుంది కనుక పది రోజులకోసారి ఇద్దరు బుట్టతో చుట్టూ తిరిగి రావాలి. మనుషులు దొరకనిది ఈ తిరుగుడుకే! తీసిన డెక్కను గట్టు మీదే కుప్పపోయడం పెద్ద పొరపాటు. అందులో 90 శాతానికి పైగా నీరే. కుళ్లి కారే రసంతో నత్రజని, భాస్వరం మళ్లీ మడుగులోకే దిగుతాయి.

జమ్ము, తుంగల సంగతి వేరు. ఏటా మూడో వంతుకు మించి కోయకూడదు, అదీ పక్షులు గూళ్లు కట్టని నెలల్లో.

మురుగు వచ్చి కలుస్తున్నంత కాలం డెక్కకు ఎరువు అందుతూనే ఉంటుంది. అందుకే చేతులు కలిపినవాళ్లు రాసుకునే ఒప్పందంలో నాటే మొక్కల లెక్క కన్నా ముందు, తూము దగ్గరి పూడిక గుంటను వానలకు ముందు ఎవరు తోడాలో, ఖర్చెవరిదో రాసుకోవాలి.

ఇట్లు,
చిత్తడి నేలల సంరక్షణలో పనిచేసేవాళ్లం