డిసెంబరు చివరి వారం చెన్నై కచేరీలు

అందరికీ నమస్కారం. డిసెంబరు కర్ణాటక సంగీత కచేరీలకు చెన్నై వస్తామన్నవాళ్లకు కొన్ని మాటలు.

మ్యూజిక్ అకాడమీలో సాయంత్రం కచేరీల టికెట్లు త్వరగా అయిపోతాయి. టెన్షన్ వద్దు. చాలా సభల్లో (కచేరీలు పెట్టే సంస్థల్ని అక్కడ అలాగే అంటారు) మధ్యాహ్నం కచేరీలకు టికెట్టే ఉండదు, పైకొస్తున్న కుర్రాళ్లు పాడేది అప్పుడే. నా ఓటు వాటికే. రోజుకు రెండు చాలు, మూడోదానికి తోడి రాగమైనా చెవికెక్కదు. పొద్దున్నే లేవగలిగితే అకాడమీలో సోదాహరణ ప్రసంగాలు, అంటే పాడి చూపిస్తూ వివరించేవి, ఉంటాయి.

ఇక నాటకాల సంగతి. తిరువాన్మియూరులోని నాట్య, సంగీత విద్యాసంస్థ కళాక్షేత్ర వాళ్ల నృత్యనాటకాలు చూడాల్సినవి. ప్రోగ్రాంలో ‘ఉషాపరిణయం’ కనిపిస్తే మిగతావన్నీ మానేసైనా వెళ్దాం. తంజావూరు దగ్గర మెలట్టూరులో వేంకటరామశాస్త్రి గారు తెలుగులో రాసిన భాగవతమేళ నాటకం అది, అంటే పాటతో, నాట్యంతో ఆడే భక్తి నాటకం. కళాక్షేత్ర స్థాపించిన రుక్మిణీదేవి దాన్ని అక్కడి వేదిక మీదికి తెచ్చారు. మెలట్టూరులో ఆ నాటకాలు ఇప్పటికీ తెలుగులోనే ఆడతారు, మనలో ఎంతమంది చూశాం?

ఒక్క మనవి: తని ఆవర్తనం, అంటే పాట ఆగి తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం, మొదలవగానే క్యాంటీన్‌కి లేవకండి. మృదంగ విద్వాంసులకు సొంతంగా దక్కేది ఆ కాసేపే. దోసె ఎక్కడికీ పోదు.

మైలాపూరు వైపు గదులు దొరకడం కష్టం. వచ్చేవాళ్లు ఈ ఆదివారంలోగా ఇక్కడే పేరు రాయండి, ఎంతమందో కూడా.