ఏ తేదీ నాటి సమీక్ష?

సంపాదకులకు,

‘తాజా సమీక్షలో తేలింది’ అనే వైద్య వార్తలకు కొదవ లేదు. సమీక్ష అంటే ఒక చికిత్సపై జరిగిన అధ్యయనాలన్నిటినీ వెదికి, కలిపి చూసి సారం తేల్చడం. ఏ తేదీ వరకు వెదికిన అధ్యయనాలతో తేలిందో మాత్రం చాలాసార్లు కనిపించదు. కొత్త ఫలితాలు వచ్చినకొద్దీ తిరగరాసే ‘లివింగ్ రివ్యూ’ల విషయంలో ఆ తేదీ లేని వార్త సగం వార్తే.

కొవిడ్‌కు ప్లాస్మా చికిత్సపై (కోలుకున్నవారి రక్తంలోని ప్లాస్మాను రోగికి ఎక్కించడంపై) ఇలాంటి సమీక్షలు చేసే అంతర్జాతీయ సంస్థ కాక్రేన్ రాసిన సమీక్షనే తీసుకోండి. 2020 మేలో మొదటి కూర్పులో ఉన్నవి 8 అధ్యయనాలు, 32 మంది రోగులు. జులైకి 20 అధ్యయనాలు, 5,443 మంది. అక్టోబరుకి అధ్యయనాలు 19కి తగ్గాయి, రోగులు 38,160కి పెరిగారు! 2021 మే కూర్పు నాటికిగానీ, ఒక మోస్తరు నుంచి తీవ్ర జబ్బున్నవారిలో మరణాలు తగ్గడం లేదని గట్టిగా చెప్పడం కుదరలేదు. మన దేశంలో 464 మందిపై జరిగిన ప్లాసిడ్ పరీక్షలోనూ జబ్బు ముదరడమో, మరణమో ప్లాస్మా తీసుకున్నవారిలో 19 శాతం, తీసుకోనివారిలో 18 శాతం. ఆ ఫలితం 2020 అక్టోబరులోనే అచ్చయింది. చికిత్స సూచనల నుంచి ఐసీఎంఆర్ ప్లాస్మాను తీసేసింది 2021 మే 17న. రెండో ఉద్ధృతిలో దాతల కోసం జనం పడిన పాట్లు అందరికీ తెలిసినవే.

సమీక్షకులు చేయాల్సిందీ ఉంది. చేర్చినవే కాదు, తీసేసినవీ చెప్పాలి. కొవిడ్‌కు ఐవర్‌మెక్టిన్ (నులిపురుగుల వంటి పరాన్నజీవులకు వాడే మందు) పనిచేస్తుందా అనే కాక్రేన్ సమీక్షను 2022 జూన్‌లో సవరించినప్పుడు పాత 14 పరీక్షల్లో ఏడింటిని తొలగించారు. ఆరు ముందుగా రిజిస్టర్ కానివి, ఒకటి రోగులను లాటరీ పద్ధతిలో విడదీయనిది. ఈ ముక్క సారాంశంలోనే రాశారు, మెచ్చుకోవాలి. సమీక్షలను ఎలా రాయాలో చెప్పే అంతర్జాతీయ మార్గదర్శకం ప్రిస్మా. సవరించిన సమీక్షల కోసం దాని 2020 కూర్పు ఇచ్చిన నమూనా చిత్రంలో పాత అధ్యయనాలకు, కొత్తవాటికి, మొత్తానికి గడులున్నాయి, తొలగించినవాటికి లేదు. సమీక్షకులే గీసుకోవాలి. లివింగ్ రివ్యూల కోసం ప్రిస్మాకు ప్రత్యేక అనుబంధం 2024లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చింది కాబట్టి, ఎలా రాయాలో తెలియదనే సాకు ఇక చెల్లదు.

ప్రీప్రింట్‌గా (నిపుణుల పరిశీలనకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టే ప్రతిగా) వచ్చిన పరీక్షే తర్వాత జర్నల్‌లో వస్తే అదే రోగులు రెండుసార్లు లెక్కలో పడతారు. అందుకే మన దేశంలో వైద్య పరీక్షలను నమోదు చేసే సీటీఆర్ఐ వంటి చోట ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరుతో సరిచూడాలి. మందు నిజానికి పనిచేయకపోయినా యాదృచ్ఛికంగా పనిచేసినట్టు తేలే అవకాశాన్ని 5 శాతం వరకు ఒప్పుకోవడం గణాంకాల్లో మామూలు గీటురాయి. లెక్క కట్టిన ప్రతిసారీ దాన్నే వాడితే, ఎప్పుడో ఒకసారి ఉత్తినే ‘పనిచేస్తోంది’ అని తేలే అవకాశం పెరుగుతుంది. ఎన్నాళ్లకోసారి వెదుకుతారో, ఎప్పుడు ఆపుతారో ప్రోటోకాల్‌లో (సమీక్ష మొదలుపెట్టే ముందు రాసుకునే ప్రణాళికలో) ముందే రాయాలి.

పత్రికలకు మా విన్నపం చిన్నది. వార్త అడుగున ఒక్క వాక్యం: చివరిసారి వెదికిన తేదీ, అధ్యయనాలు, రోగుల సంఖ్య, గత కూర్పుతో వచ్చిన తేడా. సవరించడం ఆపేసిన సమీక్ష అయితే ఆ మాట కూడా.

— కమ్యూనిటీ మెడిసిన్, బయోస్టాటిస్టిక్స్ అధ్యాపకులు, విశాఖపట్నం