మూడు రోజులు తప్పితే ఏమైందిప్పుడు?

అమ్మలూ,

"మూడు రోజులు తడి చెత్తా పొడి చెత్తా అంతా ఒకే డబ్బాలో పడేశాను నాన్నా, ఇక నా వల్ల కాదు" అన్నావు నిన్న ఫోన్లో. కొట్లో బేరాలున్నాయని సరిగ్గా మాట్లాడలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. నీ చిన్నప్పుడు రోజూ కొట్టు తెరవడానికి వెళ్తూ, దేవుడి దగ్గర వాడిన పూలు కవర్లో కట్టి వంతెన మీద నుంచి కాలవలోకి విసిరేవాణ్ణి. బండి ఆపేవాణ్ణి కూడా కాదు. నదుల్ని కాపాడటం పౌరుడి విధి అని 1976 సవరణతో రాజ్యాంగంలో చేర్చారు, ఆ 51ఎ అధికరణం నీ చేత బట్టీ పట్టించింది నేనే, ఆ పొద్దున కూడా కవరు విసిరే ఉంటాను!

ఒక వేసవిలో కాలవ కట్టేశాక, తూము దగ్గర పూడిక తీస్తుంటే చూడ్డానికి వెళ్ళాను. గుర్రపుడెక్క వేళ్ళకి చుట్టుకుని బురదలోంచి కవర్లు బయటికొస్తున్నాయి, కొన్నిటి మీద మన కొట్టు పేరు చెక్కుచెదరకుండా ఉంది. కాలవ నీళ్ళు చూసుకునే లస్కరు ఒకటి ఎత్తి చూసి, నా వంక చూశాడంతే, ఏమీ అనలేదు. దాళ్వాకి, అదే రెండో పంటకి, నీళ్ళందక గొడవపడ్డ శివారు రైతులూ అక్కడే ఉన్నారు, సగం మంది మన ఖాతాదారులే.

మర్నాటి నుంచి మానేద్దామనుకున్నాను. ఎక్కడ? వంతెన రాగానే చెయ్యి దానంతటదే లేచేది. కవరు హ్యాండిల్‌కి తగిలించకుండా డిక్కీలో పెట్టి తాళం వేయడం మొదలెట్టాక గానీ దారికి రాలేదు. ఇప్పుడా పూలు కొబ్బరిచెట్టు మొదట్లోకి పోతున్నాయి. మధ్యలో ఎన్నిసార్లు తప్పానో మీ అమ్మనడుగు, లెక్క చెబుతుంది.

21 రోజుల్లో అలవాటైపోతుందంటారు, నమ్మకు. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు 96 మంది మీద చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో సగటున 66 రోజులు పడుతుందని అంచనా వేశారట, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదట. మూడు రోజులకి నాదీ పూచీ.

తడిచెత్త డబ్బా వంటింటి మూల దాచకు, గుమ్మం దగ్గర చెప్పుల పక్కన పెట్టు. నీ రూమ్మేట్లు నవ్వితే నవ్వనీ.

పూతరేకులు బస్సు పార్శిల్లో వేశాను. డబ్బా పారేయకు, పండక్కి వచ్చేటప్పుడు పట్టుకురా.

నాన్న