చూచిరాత పేజీలు లెక్కపెట్టించకండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మేం తెలుగు చెప్పే ఒకటి, రెండు తరగతుల తనిఖీకి వచ్చే అధికారులు ముందుగా అడిగేది నోట్‌బుక్కులు. చూచిరాత ఎన్ని పేజీలు నిండింది, ప్రతి పేజీ కింద ఎర్రసిరా సంతకం ఉందా అని చూస్తారు. పేజీలు నిండే ఉంటాయి, దస్తూరీ కూడా బాగానే ఉంటుంది. అదే పేజీలో మధ్యనున్న ఒక మాట మీద వేలుపెట్టి చదవమంటే మాత్రం చాలామంది పిల్లలకు నోరు పెగలదు. ఇలా ఎందుకవుతోందో, శాఖ ఏం మార్చగలదో చెప్పడానికే ఈ లేఖ.

చూచిరాతలో పిల్లవాడు చేసేది బొమ్మ గీయడం. బోర్డు మీద ‘తలుపు’ ఉంటే మూడుసార్లు తలెత్తి చూస్తాడు. త దించుతాడు, లు దించుతాడు, పు దించుతాడు. ఆ మాట ఒక్కసారైనా నోటితో అనడు. తప్పుపోయిన మాటను పదిసార్లు రాయమంటే ఇంకా విడ్డూరం. ముందు పై నుంచి కిందికి పది ‘త’లు, ఆ తర్వాత పది ‘లు’లు, చివర్న పది ‘పు’లు రాసేస్తారు. అలా కాకుండా వరుసగా రాసేవాడు రెండో వరుస నుంచి బోర్డు వైపు చూడడు, పై వరుసనే చూస్తాడు. నాలుగో వరుసలో ఒక కొమ్ము జారిపోతే పదో వరుస దాకా అదే తప్పు. పేజీ నిండింది కాబట్టి మేం సంతకం పెడతాం, మీ అధికారి లెక్క రాసుకుంటారు.

దీనికి మూలం అక్షరాలు నేర్పే వరుసలోనే ఉంది. వర్ణమాలను అ నుంచి ఱ దాకా పూర్తిచేసి, తర్వాత గుణింతాలు, ఆ పైన ఒత్తులు అన్న పద్ధతి ఇంకా చాలా గదుల్లో నడుస్తోంది. అచ్చులు పదం మొదట్లో తప్ప దాదాపు కనిపించవు. పదం లోపల వాటి పని చేసేవి గుడి, కొమ్ము, ఏత్వం లాంటి గుర్తులే. అందుచేత అచ్చులన్నీ వచ్చిన పిల్లవాడు కూడా ఆ, ఈ, ఏ తప్ప ఒక్క మాట చదవలేడు. పైగా వాడుకలో లేని ఌ, ౡ లాంటివి మొదట్లోనే అడ్డం వస్తాయి.

దీనికి బదులు త, ల, క, ప, డ అనే ఐదు హల్లులతో మొదలుపెట్టి చూడండి. మొదటి రెండు వారాల్లోనే తల, కల, పలక, కలప, పడక, తడక చదివేయవచ్చు. దీర్ఘం ఒక్కటి చేర్చితే తాత, పాప, పాక వస్తాయి. గుడి చేర్చితే కాకి, తడి, పిలక, పిడికిలి. కొమ్ము చేర్చితే పాలు, తాడు, తలుపు, పిలుపు. ఐదు అక్షరాలు, మూడు గుర్తులతో ‘పిడికిలి’ దాకా చదివిన పిల్లకు మిగతా అక్షరాల మీద భయం ఉండదు. ఒకదానికొకటి పోలిన అక్షరాలను మాత్రం ఒకే వారంలో పెట్టకూడదు. ప–వ–ష, డ–ద, బ–భ జంటల్లో ఒకటి గట్టిపడ్డాక, కనీసం రెండు వారాల ఎడంతో రెండోది రావాలి.

గుణింతం పాటలా వల్లిస్తే వచ్చేది పాటే. ‘కు’ ఒక్కటే చూపిస్తే ‘క కా కి కీ’ అంటూ మొదట్నుంచి పాడుకుంటూ వచ్చి అక్కడ ఆగే పిల్లలను ఏ బడిలోనైనా చూడవచ్చు. గుర్తు మారితే ధ్వని ఎలా మారుతుందో పట్టుబడిందా లేదా తేల్చడానికి సులువైన పరీక్ష ఉంది. క, త గుణింతాలు నేర్పి, ఇంకా నేర్పని ‘టి’, ‘మూ’ చూపించాలి. చదివితే సూత్రం తెలిసినట్టు. చదవకపోతే ఇంకో పది గుణింతాలు రాయించినా లాభం లేదు, మళ్లీ చెవి దగ్గరికే వెళ్లాలి. మెడ–మేడ, కల–కాల, పలు–పాలు జంటలు పలికి, పొట్టిదానికి ఒక చరుపు, పొడవుదానికి చెయ్యి సాగదీయడం రోజుకు ఐదు నిమిషాలు చేయిస్తే చాలు.

సూత్రానికి లొంగని చోట్ల కారణం కూడా చెప్పాలి. వ పక్కన మామూలు కొమ్ము పెడితే అది మ అయిపోతుంది, అందుకే ‘వు’లో కొమ్ము కింది నుంచి వస్తుంది. ఈ ఒక్క మాట చెబితే పిల్లలు ‘వు’ దగ్గర మళ్లీ తడబడరు.

ఎక్కువమంది ఆగిపోయేది ఒత్తుల దగ్గర. ‘పిల్లి’ని ‘లి కింద ల ఒత్తు’ అని నేర్పుతాం. పిల్లవాడు ఉన్నదున్నట్టు కూడబలుక్కుని ‘పిలిల’ అంటాడు. వాడి తప్పేం లేదు. మన లిపిలో గుడి పైనున్న మొదటి ల మీద ఉంటుంది, దాని ధ్వని మాత్రం రెండు ల లూ అయ్యాక వస్తుంది. కాబట్టి ముందు కాగితం పక్కనపెట్టి మాటను చప్పట్లతో విరవాలి: పిల్–లి. మొదటి చప్పట్లో ఆగిన ధ్వని ఏది? ల్. అది పెద్ద అక్షరం. దాని వెంట వచ్చేది కింద ఒత్తు. చివర్న వినబడే ఇ కోసం గుడి, దాని చోటు మాత్రం పెద్ద అక్షరం నెత్తినే. ఈ మూడు మెట్లూ ద్విత్వాల్లో, అంటే అదే అక్షరం ఒత్తుగా వచ్చే చోట, కుదిరాకే వేరే అక్షరం ఒత్తుగా వచ్చే సంయుక్తాక్షరాలకు రావాలి. తొందరపడితే ‘భక్తి’ని ‘భత్కి’ అని రాస్తారు, ఏది ముందో ఏది వెనకో తెలియక. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు, పైగా మాటల్లో ఎక్కువగా వచ్చేవి అవే. వారానికి ఒక్కటే నేర్పాలి. ‘న్న’ వారమంటే అన్న, చిన్న, వెన్న, నన్ను తప్ప ఇంకో ఒత్తు లేదు.

రాత నేర్పడానికి మేం పట్టుబట్టేది ఉక్తలేఖనం, అంటే టీచరు చెబితే విని రాయడం. రోజూ ఆరు మాటలు, ఒక వాక్యం. ఆరింట్లో నాలుగు ఈ వారానివి, రెండు పోయిన వారానివి. మాట చెప్పాక పిల్లలు దాన్ని పైకి అని, విరిచి, అప్పుడు రాయాలి. వెంటనే బోర్డు మీద సరైనది రాస్తే తమ తప్పు తామే వేరే రంగు పెన్సిలుతో దిద్దుకోవాలి. తప్పుపోయిన మాటను చూసి, చేత్తో మూసి, రాసి, తీసి సరిచూసుకోవాలి. రెండుసార్లు చాలు, పదిసార్లు అక్కర్లేదు.

తప్పులన్నీ ఒక్కలాంటివి కావు. ‘పేరు’ను ‘పెరు’ అని రాస్తే అది చెవి తప్పు, దీర్ఘాల సాధన కావాలి. ‘బాధ’ను ‘భాద’ అని రాస్తే చెవిని ఎంత సాధన చేయించినా ఉపయోగం తక్కువ, ఎందుకంటే మామూలు మాటల్లో మనలో చాలామందిమి ఆ తేడా పలకం. అలాంటివి కుటుంబాలుగా చూపించాలి: బాధ, బాధితుడు, విద్య, విద్యార్థి, విద్యాలయం. గుర్తు తప్పుచోట పెడితే అది చెయ్యి తప్పు. ఇరవై పుస్తకాలు దిద్దేటప్పుడు పక్కన మూడు గళ్లు గీసుకుని ఏ రకం ఎన్నో గీతలు పెట్టుకుంటే మర్నాటి పాఠం ఏదో తేలిపోతుంది. ఇక పిల్లవాడు సొంతంగా రాసిన వాక్యంలో ఇంట్లో అనుకునే మాటే రాస్తే దాన్ని తప్పుగా కొట్టేయవద్దని మీరు ఒక ఉత్తర్వులో స్పష్టంగా చెప్పాలి. గ్రాంథికం కోసం కొట్టేస్తూ పోతే, వచ్చిన మాటలే తిప్పితిప్పి రాసి ఊరుకుంటారు.

చదివే వేగం విషయం ఒకటుంది. చిన్న తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరచడానికి కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల్లో మూడో తరగతి చివరికి నిమిషానికి కనీసం 60 పదాలు అని ఉంది. తెలుగులో ‘వెళ్ళిపోతున్నారనుకున్నాడు’ ఒక్క పదం, పది అక్షరాలు. ‘ఈ పిల్లి నాది’ మూడు పదాలు, ఐదు అక్షరాలు. పదాలు లెక్కపెడితే పాఠాన్ని బట్టి పిల్లవాడు గట్టెక్కుతాడు లేదా తప్పుతాడు. మన బడుల్లో కొలత నిమిషానికి ఇన్ని అక్షరాలు అని ఉండాలి, చదివాక రెండు ప్రశ్నలకు జవాబు చెప్పగలగాలి.

మీ నుంచి కోరేవి ఇవి. ఒకటో తరగతి వాచకంలో అక్షరాల వరుస మార్చండి. నేర్పిన అక్షరాలతోనే చదవగలిగే ఎనిమిది పేజీల చిన్న పుస్తకాలు ప్రతి మెట్టుకూ నాలుగైనా అచ్చువేయించండి. ఇప్పుడున్న గేయాల పాఠాలు ఉండనివ్వండి, అవి పాడుకోవడానికి బాగుంటాయి, కానీ కంఠతా వచ్చిన గేయం మీద వేలు ఆడించడాన్ని చదవడంగా లెక్కించవద్దు. రోజుకు రెండు పీరియడ్లు, అంటే 80 నిమిషాలు, చదవడం రాయడానికే కేటాయించి, ఆ సమయంలో టీచరును యాప్‌లలో వివరాలు ఎక్కించే పనికి పిలవకుండా చూడండి. ఇంట్లో తెలుగు కాక గోండీ, కోయ, లంబాడీ, ఉర్దూ మాట్లాడే పిల్లలకు మొదటి కొన్ని నెలలు మాటల పీరియడ్ అదనంగా కావాలి. మాట తెలియకుండా అక్షరం కూడబలికినా వాళ్లకు అర్థం తట్టదు.

తనిఖీ పద్ధతి మార్చడానికి పైసా ఖర్చు లేదు. అధికారి హాజరు పట్టీ తీసుకుని తానే నలుగురు పిల్లల పేర్లు ఎంచుకోవాలి, టీచరు ముందుకు పంపినవాళ్లను కాదు. వాళ్లు ఎప్పుడూ చూడని పది మాటలు చూపించాలి, వాటిలో ‘లిపుక’, ‘కిడాతు’ లాంటి అర్థం లేనివి మూడుండాలి. బట్టీ పట్టినవాళ్లు ఆగిపోయేది అక్కడే. తర్వాత ఐదు మాటల ఉక్తలేఖనం, ‘నిన్న ఏం చేశావు’ అని అడిగి సొంతంగా ఒక వాక్యం. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, మొత్తం ఇరవై. తనిఖీ ఫారంలో ‘చూచిరాత పేజీల సంఖ్య’ అన్న గడి తీసేసి అక్కడ ఈ నలుగురి ఫలితం రాసే గడి పెట్టించండి. వచ్చే విద్యా సంవత్సరం బడులు తెరిచేలోపు ఆ ఫారం మండల విద్యాధికారులకు అందితే, జూన్ నుంచే మేం పాఠాలు ఆ ప్రకారం సర్దుకుంటాం.

ఇట్లు,
ఒకటి, రెండు తరగతులకు తెలుగు బోధించే ఉపాధ్యాయులు