మిద్దెల సున్నం, ఫ్యాన్ల పని: జమా ఖర్చుల వివరణ (2025 ఉగాది నుంచి దసరా వరకు)

ఊరి పెద్దలకు, పొదుపు సంఘాల అక్కలకు, కువైట్ నుంచి డబ్బు పంపిన మన పిల్లలకు కమిటీ నమస్కారాలు. ఇంటి కప్పుల మీద తెల్ల సున్నం పూసి, తక్కువ కరెంటు తాగే ఫ్యాన్లు పెట్టి, ఇళ్లలో వేడి, కరెంటు బిల్లు రెండూ తగ్గించాలని ఉగాది నాడు రచ్చకట్ట దగ్గర అనుకొని మొదలుపెట్టిన పని ఇది. దసరా వరకు వచ్చిన ప్రతి రూపాయి, పెట్టిన ప్రతి రూపాయి కింద రాస్తున్నాం.

జమ
ఇంటికి 300 చొప్పున 142 ఇళ్ల చందా: 42,600
కువైట్‌లో ఉన్న మన ఊరివాళ్లు పంపింది: 55,000
పొదుపు సంఘాలు: 15,000
ఫ్యాన్లకు ముందు కట్టిన డబ్బు (40 × 1,600): 64,000
ఫ్యాన్ల కంతులు, ఇప్పటివరకు వచ్చినవి: 26,400
పాత ఫ్యాన్లు 31 అమ్మగా వచ్చింది: 6,200
మొత్తం జమ: 2,09,200 రూపాయలు

ఖర్చు
ఫ్యాన్లు (40 × 2,600): 1,04,000
గడ్డ సున్నం 60 బస్తాలు: 22,800
జిగురు డబ్బాలు 24: 21,600
సున్నం కూలి (30 × 700): 21,000
బ్రష్షులు, బకెట్లు, తాళ్లు, కళ్లద్దాలు: 3,150
ఎల్ఈడీ బల్బులు (120 × 80): 9,600
ఫ్యాన్లు బిగించిన కూలి (40 × 150): 6,000
గవాక్షులకు (వెలుతురు కోసం కప్పులో వదిలిన కంతలకు) అద్దాలు, 22 ఇళ్లు: 5,500
ప్రొద్దుటూరు నుంచి ఆటో బాడుగలు: 3,800
మొత్తం ఖర్చు: 1,97,450 రూపాయలు

మిగిలింది 11,750. అందులో 11,000 బ్యాంకు ఖాతాలో ఉంది, 750 కోశాధికారి చేతిలో ఉంది.

అందరి దగ్గరా 300 వసూలు చేసి కొన్ని ఇళ్లకే సున్నం ఎందుకు వేశారని చాలామంది అడిగారు. అడగాల్సిన మాటే. 142 ఇళ్లకూ సమానంగా పంచితే ఇంటికి ఒక బల్బు, అర బకెట్ సున్నం వచ్చేవి, ఏ ఇల్లూ చల్లబడేది కాదు. అందుకే ఏ కప్పు కింద మనిషి ఎక్కువ ఉడికిపోతున్నాడో చూసి అక్కడి నుంచి మొదలుపెట్టాం. ముందు 33 రేకుల ఇళ్లు. సిమెంటు రేకు పదిగంటలకే కాలి, ఆ వేడంతా నేరుగా మంచం మీదికి దిగుతుంది. తర్వాత ముసలివాళ్లు, పసిపిల్లలు ఉన్న 25 స్లాబు ఇళ్లు. స్లాబు పగలంతా తాగిన ఎండను రాత్రి ఇంట్లోకి వదులుతుంది, అందుకే పన్నెండు దాటినా నిద్ర పట్టదు. పైన ఇంకో అంతస్తు ఉన్న ఇళ్లకు కింద అంత బాధ ఉండదని వాటిని పక్కన పెట్టాం.

చౌడు మట్టి పరిచిన పాత నాపబండల మిద్దెలకు సున్నం వేయలేదు. మన తాతలు కట్టిన ఆ ఇళ్లు మే నెలలోనూ చల్లగానే ఉంటాయి. వాటిలో లోటు వెలుతురు. వాన కారుతోందని గవాక్షి మూసేసి, పట్టపగలు లైటు వేసుకుంటున్నారు. అలాంటి 22 ఇళ్లలో మూత తీసి, అద్దం పెట్టి, చుట్టూ సిమెంటు పూయించాం. ఖర్చు చిన్నదే, కానీ ఈ పనులన్నిట్లో మాకు ఎక్కువ తృప్తి ఇచ్చింది ఇదే.

సున్నం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో కూలికి రసీదులు ఉండవు. పిడుగురాళ్ల గడ్డ సున్నం ప్రొద్దుటూరులో కొన్నాం, బిల్లు ఉంది. డ్రమ్ముల్లో రాత్రంతా నానబెట్టి, పాత చీరల్లో వడగట్టి, జిగురు కలిపి రెండు పూతలు వేశారు. జిగురు ఖర్చు దండగ అన్నవాళ్లూ ఉన్నారు. అది కలపకపోతే సున్నం రేకును పట్టుకోదు, మొదటి గట్టి వానకే కారిపోతుంది. రేకుల మీద కాలు పెడితే పగులుతాయి కాబట్టి బేల్దారి మేస్త్రి బోల్టుల వరసన పలకలు పరిచి, వాటి మీదే కూర్చుని పూశాడు. ఒక్క రేకు కూడా పగల్లేదు. కూలికి వచ్చిన ప్రతి ఒక్కరి సంతకం, వేలిముద్ర మస్టరు పుస్తకంలో ఉన్నాయి. మే నెలలో మిట్టమధ్యాహ్నం సున్నం వేసిన మిద్దె మీద పిల్లలు చెప్పుల్లేకుండా నిలబడ్డారు, పక్క మిద్దె మీద అడుగు మోపలేకపోయారు. చూసినవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు.

ఫ్యాన్లు ఉచితంగా ఇవ్వలేదు. 1,600 ముందు కట్టి, మిగతా 1,000 నెలకు 200 చొప్పున ఐదు కంతుల్లో కట్టాలని మాట. పాత ఫ్యాను 75 వాట్లు తాగుతుంది, ఈ బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో నడిచే మోటారు ఉన్న) ఫ్యాను 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు సుమారు 20 యూనిట్లు మిగులుతాయి. నెలకు 75 దాటి 125 యూనిట్ల లోపు వాడే ఇంట్లో ఆ పై యూనిట్‌కు 4 రూపాయల 50 పైసలు కాబట్టి నెలకు 90 రూపాయలు తగ్గుతాయి. అంటే ఫ్యాను ధర రాబట్టుకోవడానికి రెండున్నరేళ్లు పడుతుంది. 75 లోపు వాడే ఇళ్లకు యూనిట్ 3 రూపాయలు, లేదా అంతకంటే తక్కువే, వాళ్లకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. అందుకే తక్కువ వాడేవాళ్లను ఫ్యాను కొనమని మేం ఒత్తిడి చేయలేదు, 60 వాట్ల పాత బల్బులు తీయించి 9 వాట్ల ఎల్ఈడీలు మూడేసి ఇచ్చాం.

2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ (కరెంటు ఎంత ఆదా చేస్తుందో చుక్కల గుర్తులతో చెప్పే చీటీ) తప్పనిసరి. లేబుల్ లేనివి ఇంకా చౌకగా ఇస్తామని ఒక అంగడిలో అన్నారు, వద్దన్నాం. తెచ్చిన 40లో మూడు శబ్దం చేశాయి, కొన్న అంగడివాళ్లు మార్చి ఇచ్చారు, దానికి అదనపు ఖర్చు రాలేదు. బిగింపు కూలి 150 ఎక్కువ కదా అన్నారు. ఈ ఫ్యాన్లను పాత రెగ్యులేటరుతో నడపకూడదు, దాన్ని తీసేసి వైరు నేరుగా కలపాలి. ఆ పని కూడా అందులోనే ఉంది.

ఈ డబ్బుతో సోలార్ పెట్టి ఉండొచ్చు కదా అని కువైట్ నుంచి అడిగారు. ఇంటి మీద సోలార్ పలకలకు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద ఒక కిలోవాట్‌కు 30,000, రెండుకు 60,000, మూడు ఆపైన 78,000 సబ్సిడీ వస్తుంది. మిగతాది ఇంటివాళ్లు పెట్టుకోవాలి. అది ఒక్కో ఇంటి సొంత లెక్క, ఊరి చందా అందులో పెట్టడం న్యాయం కాదనుకున్నాం. దరఖాస్తు నింపడానికి మాత్రం మన పిల్లలు సాయం చేస్తారు.

ఇంకా రావాల్సిన కంతులు 68, అంటే 13,600 రూపాయలు. శనగ చేతికొచ్చాక కడతామన్నవాళ్లే ఎక్కువ. వాళ్ల పేర్లు గోడ మీద రాయకూడదని కమిటీ తీర్మానం. కానీ ఆ డబ్బు వస్తేనే చేతిలో ఉన్నదానితో కలిపి 25,350 అవుతుంది. సున్నం వానలకు పలచబడుతుంది, ఎండలు ముదరకముందే ఇంకో పూత వేయాలి, ఈసారి మిగిలిన రేకుల కొట్టాలకు కూడా.

బిల్లులు, మస్టరు, బ్యాంకు పుస్తకం పీర్ల చావిడిలో ఉన్నాయి. సాయంత్రం ఆరు తర్వాత ఎవరైనా వచ్చి చూడొచ్చు, ఫోటో తీసుకోవచ్చు. లెక్కలో ఎక్కడ అనుమానం వచ్చినా దీపావళి లోపు చెప్పండి. సున్నం కలపడానికి ఇంటికొకరు రావాలని శివరాత్రి ముందు దండోరా వేయిస్తాం.