తాళం లేని తుపాకుల విషయమై

ఆయుధ లైసెన్సుల బాధ్యత వహిస్తున్న అధికారి గారికి,

నమస్కారములు. నేను విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీ నివాసిని. రెండు అర్జీలకు సమాధానం రానందున, నలుగురి సమక్షంలో ఈ లేఖ రాస్తున్నాను.

గత మాఘమాసంలో మా వీధి పెళ్లి ఊరేగింపులో ఒక అతిథి సరదాగా పిస్తోలు గాలిలోకి పేల్చారు. మేడ మీద నుంచి చూస్తున్న మా వదినకు జానెడు దూరంలో తూటా పిట్టగోడను పెచ్చులూడగొట్టింది. ఆవిడ నేటికీ మేడ ఎక్కరు, బాణసంచా చప్పుడైతే పిల్లలను లోపలికి లాక్కుంటారు. 2019 సవరణ తరువాత ఆయుధ చట్టం ప్రకారం ఇటువంటి వేడుక కాల్పులకు రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అయినా మా వీధిలో వాంగ్మూలం అడిగినవారు లేరు.

మా అమ్మాయి ఉంటున్న అమెరికాలోని మిచిగాన్ రాష్ట్రంలో, 2021 నవంబరులో, తండ్రి కొన్న పిస్తోలుతో పదిహేనేళ్ల కుర్రవాడు ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో నలుగురు విద్యార్థులను చంపాడు. ఆ తల్లిదండ్రులిద్దరికీ 2024లో 10 నుంచి 15 ఏళ్ల శిక్ష పడింది. తుపాకీని పిల్లవాడికి అందకుండా భద్రపరచలేదన్నది వారిపై మోపిన ప్రధాన ఆరోపణలలో ఒకటి. మన దగ్గర తుపాకులు తక్కువే కావచ్చు, కానీ బీరువా తెరిచి ఉంటే ఒక్కటి చాలు.

కాబట్టి నగరంలో ప్రతి లైసెన్సుదారు ఇంటికీ సిబ్బందిని పంపి, ఆయుధం, తూటాలు తాళం కింద ఉన్నాయో లేదో చూసిన తరువాతే లైసెన్సు పునరుద్ధరించాలని, మా వీధి ఘటనపై కేసు నమోదు చేయించి ఆ లైసెన్సును సమీక్షించాలని, తీసుకున్న చర్యను నెల రోజుల్లో లిఖితపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఎం.వి.పి. కాలనీ నివాసి, విశాఖపట్నం